తొమ్మిదిన్నర నిమిషాల ప్రోగ్ పాటను నాలుగు నిమిషాల సింగిల్‌గా దించేదెట్లా?

తుంగభద్ర_బేస్
కర్నూలు నుంచి. నలుగురి ప్రోగ్ రాక్ (పొడుగు పాటలు, చిక్కు తాళాలు) బ్యాండు, చానా ఏండ్లు మూలన పడింది, ఇప్పుడు మళ్లా లేస్తాండాది. ఆల్బమ్ జోలికి పోకుండా ముందు ఒక సింగిల్ ఇడుస్తామని అనుకున్నాం. చేతిలో ఉండే పాట 9 నిమిషాల 40 సెకన్లు. నడుమ 7/8 (బారుకు ఏడు అర దెబ్బల తాళం) భాగం ఒకటి, దాని ఎనక కీబోర్డు సోలో, చివర నిదానంగా ఆరిపోయే భాగం. కత్తిరించి 4 నిమిషాలకు తెస్తే ట్రైలర్ మాదిరి ఉండాది గానీ పాట మాదిరి లేదు.

రికార్డింగుకి ఉండేది నాపరాళ్లు పరిచిన 12×14 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు, పైన స్లాబు. 8 మైకులను కంప్యూటరుకి ఎక్కించే ఇంటర్‌ఫేసు ఉండాది. బెంగుళూరు స్టూడియోకి పోయేంత దుడ్లు లేవు. ఏది ముందు చేయాల, ఏది ఎనక చేయాల?

పాత_మిక్సర్
కత్తెర పక్కన పెట్టు. పెద్ద పాటను కోస్తే వచ్చేది కోసిన పెద్ద పాటే. ఉన్న సరుకుతో కొత్త పాట అమర్చుకో.

లెక్క ఇట్లా వేసుకో. టెంపో 120 బీపీఎం (నిమిషానికి దెబ్బలు) అనుకో. 4/4 బారు (నాలుగు దెబ్బల ఆవర్తం) ఒకటి 2 సెకన్లు. ఇంట్రో 8 బార్లు, చరణం 16, పల్లవి 8, రెండో చరణం 16, పల్లవి 8. ఇక్కడికి 56. తర్వాత 7/8 భాగం 16 బార్లు, ఒక్కోటి 1.75 సెకన్లు కాబట్టి 28 సెకన్లు. సోలో 8, చివరి పల్లవి రెండు మార్లు 16, ముగింపు 8. 4/4 బార్లన్నీ కలిపితే 88, అంటే 176 సెకన్లు. దానికి 28 కలుపు. 3 నిమిషాల 24 సెకన్లు. ఇంకా అర నిమిషం పైన నీ చేతిలోనే ఉండాది. ఆ మిగిలింది సోలోకి ఇయ్యొద్దు, పల్లవికి ముందు ఊపిరి తీసుకునే చోట ఇయ్యి.

పల్లవి మొదటి తూరి 50 సెకన్ల లోపల వినపడాల. పైన చెప్పిన లెక్కలో 48కి వస్తాది.

జొన్నరొట్టె_జాజ్
కీబోర్డు ఆయనకి "సోలో 8 బార్లే" అని ఎవురు చెప్తారబ్బా? ముందు ఆ మనిషికి బీమా చేయించండి.

గుత్తి_గిటార్
ఈ దారిలో ముందు నడిచినోళ్లు ఇంగ్లండు ప్రోగ్ బ్యాండు యెస్. 1981లో విడిపోయినారు. అందులో బేస్ వాయించే క్రిస్ స్క్వైర్, డ్రమ్మరు అలన్ వైట్ ఇద్దరూ దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ట్రెవర్ రాబిన్‌తో కలిసి సినిమా అని వేరే పేరుతో మొదలుపెట్టినారు. యెస్ పాత కీబోర్డాయన టోనీ కే వచ్చి చేరినాడు. పని సగం పైన అయినాక యెస్ పాత గాయకుడు జాన్ ఆండర్సన్ వచ్చి పాడినాడు, అప్పుడు మళ్లా యెస్ అయింది. 1983 అక్టోబర్లో "ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్" సింగిల్ వచ్చింది, 1984 జనవరిలో అమెరికా హాట్ 100లో ఒకటో స్థానం. ఆ బ్యాండుకి అక్కడ ఒకటో స్థానం అదొక్కటే.

అది పెద్ద పాటను కోసింది కాదు. రాబిన్ ఇంట్లో చేసుకున్న డెమో. నిర్మాత ట్రెవర్ హార్న్ ఆ డెమోలోని రిఫ్ (మళ్లా మళ్లా వచ్చే గిటారు ముక్క) పట్టుకొని వదల్లేదు. చరణాల మాటలను ఆండర్సన్ తిరగరాసినాడు. పాట నిర్మాణం పాప్ పాటదే, సాదా సీదా. ప్రోగ్ అంతా చప్పుళ్లలోకి పోయింది. ఉన్నట్టుండి వచ్చి కొట్టి మాయమయ్యే బ్రాస్ దెబ్బలు, నడుమ తెగి వేరే పాటలోకి పోయినట్టు అనిపించే డ్రమ్స్, అవన్నీ ఫెయిర్‌లైట్, సింక్లావియర్ అనే యంత్రాల కాలం నాటి శాంపిల్ పని, అంటే రికార్డు చేసిన చప్పుడు ముక్కలను ఎత్తి వాడడం. ఆ డ్రమ్ దరువు ఫంక్ ఇంక్ అనే బృందం 1971లో చేసిన "కూల్ ఈజ్ బ్యాక్" నుంచి ఎత్తింది.

కాబట్టి తుంగభద్రా, నీ పాటలో ఏది ఇడిస్తే జనం ఏమీ పోగొట్టుకోరో అది తీసెయ్. వింతనంతా సౌండులో పెట్టు.

మిశ్రచాపు
గుత్తి అన్న చెప్పిన చరిత్ర సరే, తీర్పుతో మాత్రం నేను ఒప్పుకోను. 7/8 తీసేస్తే అది ప్రోగ్ బ్యాండు తిరిగొచ్చినట్టు ఎట్లయితాది? ఎవురో కొత్త పాప్ బ్యాండు వచ్చినట్టు అయితాది.

మన చెవులకు 7 కొత్త కాదు. తకిట తకధిమి, అంతే, మిశ్ర చాపు. కష్టం వినేవాళ్లకు కాదు, క్లిక్ (చెవిలో తాళం చెప్పే టిక్ టిక్) పెట్టేవాళ్లకు. క్వార్టర్ నోట్ అంటే ఒక దెబ్బ, ఎయిత్ అంటే అందులో సగం. క్లిక్‌ను క్వార్టర్ నోట్ల మీద పెడితే రెండో బారులో అది ఎదురు తిరుగుతాది, డ్రమ్మరు తడబడతాడు. ఎయిత్ నోట్ల మీద పెట్టి 1వ దెబ్బ, 4వ దెబ్బ గట్టిగా వినపడేట్టు చెయ్. 3+4 చెవికి ఎక్కుతాది.

ఇంకో కిటుకు, కిక్ అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముతో. 7/8లో రెండు బార్లకు 14 ఎయిత్‌లు, అంటే సరిగ్గా 7 క్వార్టర్లు. కిక్‌ను ఆపకుండా ప్రతి క్వార్టర్‌కూ కొట్టించు, గిటారు రిఫ్ మాత్రం 7లో పోనీ. ఒక బారులో కిక్ రిఫ్‌తో కలుస్తాది, తర్వాతి బారులో ఎదురు పడతాది, రెండు బార్లకొకసారి మళ్లా ఒకటవుతాయి. ప్రేక్షకుడు తల 4/4 మాదిరే ఊపుతాడు, ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తాది. హై హ్యాట్ కూడా 7తో పోతే ఈ మాయ చెడిపోతాది, అది కిక్ పక్షాన ఉండాల.

పాత_మిక్సర్
మిశ్రచాపు చెప్పిన కిక్ పద్ధతి మంచిది. కానీ 4/4లోకి తిరిగి వచ్చే చోట 7/8 బార్ల సంఖ్య సరి సంఖ్యే ఉండాల. 15 బార్లు పెడితే కిక్ అర దెబ్బ పక్కకు పడి పల్లవి మొదట్లోనే గుంతలో పడతారు. 16 అన్నది ఊరికే అనలేదు.

కడపరాయి
పాట సంగతి మీరు చూసుకోండి, నాకు ఆ గది చూస్తే భయమైతాంది. కింద నాపరాయి, పైన స్లాబు, చుట్టూ సున్నం గోడలు. చప్పట్లు కొట్టి చూడు, "టర్ర్‌ర్" అని లోహం మాదిరి మోత వస్తాది. స్నేర్ అనే చిన్న డ్రమ్ము మైకులోకి అదే పోతాది, మిక్సింగులో తీయడానికి కాదు.

గుడ్ల ట్రేలు అంటించొద్దు. పై స్థాయి చప్పుడు రవ్వంత చెదరగొడతాయి, మిగిలిందంతా అట్లనే ఉంటాది. పల్చని ఫోమ్ కూడా అంతే, పైన మొద్దుబారి కింద మోగుతా ఉంటాది. ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉండే రాక్‌వూల్, 50 మిల్లీమీటర్ల మందం, 2×4 అడుగుల చెక్క ఫ్రేముల్లో పెట్టి గుడ్డ చుట్టు. గోడకు ఆనించకుండా 2 అంగుళాల సందు ఇడువు, అప్పుడు అదే మందంతో ఇంకా కింది స్థాయి దాకా పట్టుకుంటాది. డ్రమ్స్ పైన స్లాబుకి రెండు వేలాడదీయి. గోడలకు ఆరు. కింద జంపఖానా, దాని పైన పాత బొంత. రాక్‌వూల్ కోసేటప్పుడు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి, గుడ్డ చుట్టే దాకా ఫ్యాను వేయొద్దు.

బేస్ సంగతి. 12 అడుగుల వైపు 47 హెర్ట్జ్, 14 అడుగుల వైపు 40, ఎత్తు వైపు 56 దగ్గర గది ఉబ్బుతాది. బేస్ గిటారులో కింది తీగ ఈ (E) స్వరం, 41 హెర్ట్జ్. అంటే ఆ స్వరం మోగిందంటే గదంతా కదులుతాది. దాని పై తీగ ఏ (A) 55 హెర్ట్జ్, అది మోగినా ఎత్తు వైపు అదే గొడవ. ఆంప్ ముందర మైకు పెట్టి బేస్ తీయొద్దు, డీఐలో (తీగను ఇంటర్‌ఫేసుకి కలిపే డబ్బా) నేరుగా తీసుకో.

నాపరాయిని తిట్టడమే కాదు, వాడుకోవచ్చు కూడా. తలుపు తీసి పక్క వసారాలో ఒక మైకు పెట్టు. స్నేర్‌కి దొరికే ఆ సహజమైన ప్రతిధ్వని ఏ ప్లగ్గిన్ కంటే బాగుంటాది. పల్లవిలో దాన్ని పెంచు, చరణంలో మూసెయ్.

అనంత_లాటెన్సీ
నా పేరే చెప్తాంది నా బాధ, లాటెన్సీ అంటే వాయించింది చెవికి ఆలస్యంగా రావడం. సెట్టింగులు ఇవి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. రికార్డింగులో బఫర్ (కంప్యూటరు ఒక్కో తూరి పట్టుకునే శాంపిళ్ల లెక్క) 64 లేదా 128, మిక్సింగులో 1024. 128 దగ్గర కూడా పాడేవాళ్లకు ఆలస్యం తెలిస్తే ఇంటర్‌ఫేసులోనే ఉండే డైరెక్ట్ మానిటరింగు వాడండి. లెవెల్ మైనస్ 12 డీబీ దగ్గర కొట్టాల, ఎప్పుడన్నా మైనస్ 6 దాకా పోయినా పర్లేదు. ఎరుపు దాకా పోనీయొద్దు, 24 బిట్‌లో అంత గట్టిగా తీసే అవసరమే లేదు.

కరెంటు. చౌక ఇన్వర్టర్లు స్క్వేర్ వేవ్ ఇస్తాయి, గిటారులో జుయ్య్ అంటాది. కరెంటు పోతే టేక్ ఆపెయ్, ఇన్వర్టర్ మీద గిటారు తీయొద్దు. ఫ్యాను రెగ్యులేటరు, ట్యూబులైటు చోకు రెండూ సింగిల్ కాయిల్ పికప్‌కి శత్రువులు. పరికరాలన్నీ ఒకే ఎర్త్ ఉండే ఒకే సాకెట్టు నుంచి తీసుకో. హమ్ పోతాది కదా అని మూడో పిన్ను పీకడం మాత్రం వద్దు, షాక్ కొడ్తాది.

ఎండాకాలం అయితే డ్రమ్స్ తెల్లారి 5 నుంచి 9 లోపల ముగించండి. మైకుల వల్ల ఫ్యాను వేయలేరు, పదకొండుకి స్లాబు కింద మనిషి ఉడుకుతాడు. గిటార్లు ఏసీ గది నుంచి తెస్తే అర గంట అట్లనే ఇడిచి అప్పుడు శ్రుతి చేయాల.

తుంగభద్ర_బేస్
ఇంత వస్తుందనుకోలే. రెండు ప్రశ్నలు. మా గాయకుడికి ఇప్పుడు పాత పై స్థాయి అందడం లేదు. రెండోది, ఈ పాటలో ముఖ్యమైన రిఫ్ ఇప్పుడు బ్యాండులో లేని గిటారిస్టుది. ఆయన దుబాయ్‌లో ఉండాడు, కొట్లాటలేమీ లేవు.

గుత్తి_గిటార్
గొంతుది తేలిక. ఒక టోన్ దించు. కాపో (గిటారు మెడకు బిగించే క్లిప్పు) ఎక్కడానికే గానీ దిగడానికి పనికిరాదు కాబట్టి గిటారు తీగలన్నిటినీ డీ స్టాండర్డ్‌కి దించు, తీగలు 11 గేజి వెయ్, లేకుంటే వదులై శ్రుతి నిలవదు. అట్ల చేస్తే రిఫ్‌లో ఉండే ఓపెన్ తీగల మోత పోకుండా ఉంటాది. ఉన్న రికార్డింగును సాఫ్టువేరులో దించడం మాత్రం వద్దు, స్నేర్ అట్టపెట్టె అయితాది. తీగలు మార్చినాక మెడ వంగుడు, ఇంటొనేషన్ రెండూ సరి చూసుకో.

సోలో గురించి కూడా చెప్తా. యెస్ పాటలో ఆ సోలో వింతగా మోగడానికి కారణం వాయించిన స్వరానికి జతగా ఫిఫ్త్ (దాని పంచమం) పలికించడం. ఇప్పుడు ఏ పిచ్ ప్లగ్గిన్‌తో అయినా వస్తాది. కానీ ఒక చిక్కు. స్థిరమైన ఫిఫ్త్ పెడితే ఏ (A) మైనర్‌లో బి మీద ఎఫ్ షార్ప్ వస్తాది, స్కేలు బయట. పెంటటోనిక్ ఐదు స్వరాల్లోనే తిరిగితే ఆ గొడవ లేదు. లేదంటే స్కేలు చెప్పి పెట్టుకునే తెలివైన హార్మనైజర్ వాడాల.

బళ్లారి_రోడ్
రిఫ్ సంగతి నవ్వులాట కాదు. మీ దుబాయ్ అన్న స్నేహితుడే కావచ్చు, పాట నడిచినాక స్నేహం మీద పన్ను పడతాది. ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి: సాహిత్యం ఎవరిది ఎంత శాతం, స్వరం ఎవరిది ఎంత, మొత్తం 100 కావాల, అందరి సంతకాలు, తేదీ. వాట్సప్‌లో "సరే బ్రో" అన్నది చాలదు.

2012 కాపీరైటు సవరణ తర్వాత పాట రాసినోళ్లు, స్వరం కట్టినోళ్లు తమ రాయల్టీ వాటాను వదులుకున్నట్టు రాసిచ్చినా చెల్లేది తక్కువ. ఆ వాటా వసూలుకు పాటల రచయితలు, స్వరకర్తల సంఘం ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాల. ఆయనను కూడా తీసుకోమను.

ఐఎస్ఆర్‌సీ కోడ్ అంటే రికార్డింగును గుర్తుపట్టే సంఖ్య, 12 అక్షరాలు, ఒక రికార్డింగుకి ఒకటి. 4 నిమిషాల రూపానికి ఒకటి, 9.40 రూపం కూడా ఇడిస్తే దానికి వేరే ఇంకోటి. రెండిటికీ ఒకే కోడు వేస్తే లెక్కలు కలిసిపోయి ఏది నడుస్తాందో తెలీదు.

ఉరుము_దెబ్బ
గుత్తి అన్న చెప్పిన బ్రాస్ దెబ్బలు అందరూ వాడినారు, పాతబడినాయి. మన అనంతపురం జిల్లాలో ఉరుములు ఉండాయి కదా. ఆ వాద్యం లోపలి నుంచి వచ్చే మూలుగు, దాని పైన పడే దెబ్బ, రెండూ రాక్ పాటలో ఎక్కడ పెట్టినా దిమ్మ తిరుగుతాది.

తీసే పద్ధతి: మైకు ఒక మీటరు దూరంలో, ఇంకోటి 3 మీటర్లలో. ఒక్కో దెబ్బను మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా మూడు స్థాయిల్లో, ఒక్కో స్థాయికి అయిదారు సార్లు. ఒకే శాంపిల్‌ను తిప్పి తిప్పి వాడితే మిషన్‌గన్ మాదిరి మోగుతాది, మార్చి మార్చి వాడితే మనిషి వాయించినట్టు ఉంటాది. కోసేటప్పుడు దెబ్బకు ముందు 5 మిల్లీసెకన్లు ఇడువు, మరీ ఒత్తి కోస్తే టిక్ అంటాది. మూలుగును పాట శ్రుతికి కలుపు, కలవకపోతే దాన్ని 150 హెర్ట్జ్ కింద తీసెయ్, లేకుంటే బేస్‌తో కొట్లాట.

వాయించేవాళ్లకు రోజు కూలి ఇచ్చేస్తే అయిపోయిందనుకోవద్దు. మన చట్టంలో ప్రదర్శకుల హక్కు 50 ఏండ్లు ఉంటాది. దేనికి వాడుకుంటారో తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. పాట వివరాల్లో పేర్లు వేయండి.

జొన్నరొట్టె_జాజ్
ఉరుము, 7/8, ఫిఫ్త్ సోలో, వసారా స్నేర్, అన్నీ 4 నిమిషాల్లోనే పెడితే వినేవాడు ఊపిరాడక చస్తాడు. ఏదో ఒకటి రెండు ఏరుకో సామీ.

పాత_మిక్సర్
జొన్నరొట్టె మొదటిసారి పనికొచ్చే మాట చెప్పినాడు. ఒక భాగానికి ఒక వింత. ఇంట్రోలో ఉరుము, నడుమ 7/8, సోలోలో ఫిఫ్త్. చరణంలో ఏమీ వద్దు, బేస్, డ్రమ్స్, గొంతు.

పని వరుస: ముందు ఫోన్‌లో గిటారు, గొంతుతో గైడ్ పాట. దాని కింద టెంపో మ్యాప్. పల్లవికి 1 లేదా 2 బీపీఎం పెంచితే ఎవురికీ తెలీదు గానీ ఊపు వస్తాది. తర్వాత డ్రమ్స్, బేస్, రిథమ్ గిటారు ఎడమకు ఒకటి కుడికి ఒకటి విడివిడిగా వాయించి, కీబోర్డు, చివర గొంతు. ఒక టేకునే కాపీ చేసి రెండు పక్కలా పెట్టొద్దు, అది వెడల్పు కాదు, గట్టిగా మోగే మోనో.

మిశ్రచాపు
వరుస తిరగేసి చేసినోళ్లు కూడా ఉండారు. పింక్ ఫ్లాయిడ్ 2022 ఏప్రిల్‌లో "హే హే రైజ్ అప్" ఇడిచింది. 1994 తర్వాత బ్యాండుగా కూడి కొత్తగా రికార్డు చేసింది అదే. కీవ్‌లో ఉక్రెయిన్ గాయకుడు ఆండ్రియ్ ఖ్లివ్న్యుక్ వాద్యాలేమీ లేకుండా పాడి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన గొంతు తీసుకొని, దాని చుట్టూ బ్యాండు గిటారిస్టు గిల్మర్, డ్రమ్మరు మేసన్ వాళ్లు వాయించినారు. మీ గాయకుడి పాత మంచి టేకు ఏదన్నా ఉంటే ఆలోచించొచ్చు. అప్పుడు గొంతును గ్రిడ్‌కి (సాఫ్టువేరులోని తాళపు గీతలు) లాగొద్దు, గొంతు ఎక్కడ అడుగు వేస్తే అక్కడ టెంపో గుర్తులు పెట్టి గ్రిడ్‌నే దానికి వంచాల.

అనంత_లాటెన్సీ
పాత టేకులో వెనక ఫ్యాను మోత ఉంటే పల్లవిలో కంప్రెసర్ పడగానే అది పైకి లేస్తాది, చూసుకోండి.

మిక్స్ సంగతి రెండు ముక్కలు. డిలే లెక్క: 60000ని బీపీఎంతో భాగించు. 120కి క్వార్టర్ 500 మిల్లీసెకన్లు, డాటెడ్ ఎయిత్ (ఒకటిన్నర ఎయిత్) 375. 7/8 భాగంలో డాటెడ్ ఎయిత్ డిలే ఆపెయ్, రిఫ్ మీద బురద చల్లినట్టు ఉంటాది. పాట సగటు గట్టిదనాన్ని ఎల్‌యూఎఫ్ఎస్‌లో కొలుస్తారు. స్పాటిఫై మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్‌కి తెచ్చుకుంటాది, యూట్యూబ్ కూడా అంతకన్నా గట్టిగా ఉంటే తగ్గిస్తాది. కాబట్టి మైనస్ 14, ట్రూ పీక్ మైనస్ 1.

గుత్తి_గిటార్
మైనస్ 14 గుడ్డిగా పెట్టుకోవడం తప్పు. అది వాళ్లు వినిపించే స్థాయి, నువ్వు ఇయ్యాల్సిన కొలత కాదు. రాక్ పాట మైనస్ 10 దగ్గర బాగుంటే అట్లనే ఇయ్యి. వాళ్లు 4 డీబీ దించుతారు, అంతే. స్నేర్ దెబ్బ నలిగిపోనంత వరకు పో, నలిగిన చోట ఆగు.

అనంత_లాటెన్సీ
నలిగేది ఎక్కడో తెలిసిన చెవికి ఆ మాట సరే. మొదటిసారి ఇంట్లో మాస్టర్ చేసేవాళ్లకు 14 దగ్గర తప్పులు తక్కువ. దీని మీద మనం ముందు కూడా కొట్లాడినాం, ఇడువు.

బళ్లారి_రోడ్
మాస్టర్ ఏదైనా మోనోలో, ఫోన్ స్పీకర్లో విను. అక్కడ రిఫ్ వినపడకపోతే 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య గొంతు దాన్ని తొక్కుతా ఉన్నట్టు.

ఇడుదలకు 4 వారాల ముందు పంపిణీదారుకు ఎక్కించు. స్పాటిఫై ప్లేలిస్టుల కోసం కనీసం 7 రోజుల ముందు వాళ్ల పేజీలో పాటను పరిచయం చేయాల. కవర్ 3000×3000 పిక్సెళ్లు. అక్కడ 30 సెకన్లు విన్నాకే ఒక లెక్క పడతాది, అందుకే 8 బార్ల ఇంట్రో చాలు, 16 వద్దు. 9.40 రూపాన్ని అదే విడుదలలో రెండో ట్రాక్‌గా పెట్టు, పాతవాళ్లు దానికోసమే వస్తారు.

తుంగభద్ర_బేస్
రాసుకున్నా అంతా. రిఫ్ కాగితం ఈ రాత్రికే పంపిస్తా. కీబోర్డాయనకు 8 బార్లు అని చెప్పినాం, 9.40లో సోలో మొత్తం ఉంటాదని చెప్పినాక ఒప్పుకున్నాడు. ఒక్కటే మిగిలింది. డ్రమ్స్‌కి పైన పెట్టే రెండు మైకులు ఎంత ఎత్తులో?

కడపరాయి
రికార్డింగ్ ఇంజినీరు గ్లిన్ జాన్స్ పద్ధతి పట్టు. ఒకటి స్నేర్‌కి నేరుగా పైన 40 అంగుళాలు. రెండోది ఫ్లోర్ టామ్ పక్కన, రిమ్ కంటే రవ్వంత ఎత్తులో, హై హ్యాట్ వైపు చూస్తా. రెండిటికీ స్నేర్ నడుమ నుంచి దూరం ఒకటే ఉండాల, టేపు లేకపోతే దారం పట్టి కొలువు. తర్వాత కిక్ మైకు పోలారిటీ (చప్పుడు అలను తలకిందులు చేసే మీట) తిప్పి చూడు, ఎటు తిప్పితే కింది చప్పుడు నిండుగా వస్తాదో అట్ల ఉంచు.

జొన్నరొట్టె_జాజ్
ఎలాస్టిక్ దారం తేవద్దు.

కడపరాయి
ఈయన్ని ఎవురన్నా 7/8లో పెట్టండబ్బా.